మెదడు బొమ్మ - ఆడమనిషి మాట

(కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నంతా మీరు గృహహింస చట్టం గురించీ, భరణం కేసుల గురించీ చర్చించుకున్నారు. ఇవ్వాళ నరాల డాక్టరు ఒకామె వచ్చి మెదడు ఫోటోల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నన్ను పిలిచినవాళ్ళు ఊరికే పిలవలేదు. మీ సలహా కేంద్రాలకి వచ్చే ఆడవాళ్ళలో కొందరు చంకలో ఒక పెద్ద కవరు పెట్టుకుని వస్తారు. అందులో ఎమ్మారై ఫిల్ములుంటాయి. చివరి కాగితం మీద "మెదడు నార్మల్" అని ఉంటుంది. ఆమె మెడ ఒక పక్కకి తిరిగిపోతూ ఉంటుంది, లేదా కాలు లోపలికి మెలి తిరిగి ఉంటుంది. అత్తింటివాళ్ళు అదే కాగితాన్ని పెద్దమనుషుల ముందు పెట్టి, "చూడండి, డాక్టర్లే ఏమీ లేదన్నారు. ఇవన్నీ వేషాలు. కాదంటే పిచ్చి" అంటారు. వేషాలంటే కొట్టడానికి సాకు, పిచ్చి అంటే వదిలేయడానికి సాకు. ఆ ఒక్క కాగితం రెండిటికీ పనికొస్తుంది.

ఆ కాగితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడం మన పనిలో భాగమని నా అభిప్రాయం.

నేను చెప్పబోయే జబ్బు పేరు డిస్టోనియా. కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుని శరీరంలో ఒక భాగాన్ని మెలి తిప్పుతాయి. కొందరికి మెడ తిరుగుతుంది, కొందరికి కనురెప్పలు మూసుకుపోయి తెరుచుకోవు. కొందరికి కలం పట్టుకుంటేనే చెయ్యి వంకరపోతుంది, అదే చేత్తో అన్నం బాగానే కలుపుతారు. పిల్లల్లో పాదంతో మొదలై ఒళ్ళంతా పాకవచ్చు. మెడకీ, కనురెప్పలకీ వచ్చే రకాలు మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఈ జబ్బుకి కొన్ని విచిత్ర లక్షణాలున్నాయి. గడ్డం మీద వేలు ఆనిస్తే చాలు, తిరిగిపోయిన మెడ కాసేపు నిటారుగా వస్తుంది. ముందుకి నడవలేని మనిషి వెనక్కి నడవగలుగుతుంది. నిద్రలో మెలికలు చాలావరకు సర్దుకుంటాయి. నలుగురిలో ఎక్కువవుతాయి. చూసేవాళ్ళకి నటన అనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? డాక్టర్లకి కూడా అలాగే అనిపించింది, దాదాపు వందేళ్ళపాటు.

ఆ చరిత్ర కొంచెం చెప్పాలి. పారిస్‌లో సాల్‌పెట్రియేర్ అనే ఆసుపత్రి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అది దిక్కులేని ఆడవాళ్ళనీ, మూర్ఛలున్నవాళ్ళనీ, పిచ్చివాళ్ళన్న ముద్ర పడ్డవాళ్ళనీ వేల సంఖ్యలో ఉంచిన చోటు. నరాల వైద్యానికి మూలపురుషుడని మేమంతా చదువుకున్న షార్కో అక్కడే పనిచేశాడు. హిస్టీరియా రోగులని అందరి ముందూ ప్రదర్శించి ఉపన్యాసాలిచ్చేవాడు. హిస్టీరియా అనే మాట గర్భసంచికి గ్రీకులో ఉన్న పేరునుంచి వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఆసుపత్రిలో కెమెరా పెట్టి, ఆ ఆడవాళ్ళ మెలికలనీ బిగుసుకుపోయిన చేతులనీ ఫోటోలు తీసి 1876 నుంచి 1880 దాకా సంపుటాలుగా వేశారు. ఆ స్త్రీలలో ఒక్కరు కూడా తన ఫోటో కింద ఏం రాయాలో చెప్పే స్థితిలో లేరు. షార్కోకి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. ఆయన దీన్ని నటన అనలేదు, నాడీ వ్యవస్థ జబ్బే అన్నాడు, మగవాళ్ళకీ వస్తుందన్నాడు. చనిపోయినవాళ్ళ మెదళ్ళు కోసి మచ్చ కోసం వెతికారు. దొరకలేదు. 1893లో ఆయన చనిపోయాక శిష్యులు ఇదంతా మనసు చేసే పని అన్నారు.

డిస్టోనియా ఈ సుడిలోనే పడింది. మెడ తిరిగే జబ్బుకి 1890లలో ఫ్రాన్సులో "మానసిక మెడ వంకర" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. 1908లో బెర్లిన్‌లో ష్వాల్బే అనే విద్యార్థి ఒకే కుటుంబంలో ముగ్గురు తోబుట్టువుల జబ్బు మీద సిద్ధాంత వ్యాసం రాస్తూ శీర్షికలోనే "హిస్టీరియా లక్షణాలతో" అని చేర్చాడు. 1911లో ఒపెన్‌హైమ్ అనే వైద్యుడు ఇది శరీరపు జబ్బేనని వాదించి డిస్టోనియా అని పేరు పెట్టాడు. అయినా మెదడులో కంటికి కనిపించే మచ్చ లేకపోయేసరికి మళ్ళీ వెనక్కే వెళ్ళింది. 1978లో అమెరికాలో ఇద్దరు వైద్యులు డిస్టోనియా ఉన్న 84 మంది పాత రికార్డులు తిరగేస్తే, 37 మందికి మొదట మానసిక జబ్బు అని రాసి ఉంది. ఇంగ్లండులో మార్స్‌డెన్ 1976లో కనురెప్పల జబ్బు గురించీ, 1982లో రాతగాళ్ళ చెయ్యి వంకర గురించీ ఇవన్నీ డిస్టోనియా రకాలేనని పట్టుబట్టి రాశాకే గాలి మళ్ళింది. 1997లో లారీ ఒజీలియస్, జాండ్రా బ్రేక్‌ఫీల్డ్, సూసన్ బ్రెస్‌మన్ తదితరులు చిన్నతనంలో మొదలయ్యే ఒక రకానికి కారణమైన జన్యులోపం కనిపెట్టారు. ఈ ముగ్గురూ స్త్రీలే. జన్యువులో మూడంటే మూడు అక్షరాలు తప్పిపోవడం ఆ లోపం.

ఇక బొమ్మల సంగతికి వద్దాం.

మామూలు ఎమ్మారై చూసేది గడ్డ ఉందా, రక్తం గడ్డకట్టిందా, ఎక్కడైనా కణాలు చచ్చిపోయాయా అని. డిస్టోనియా ఉన్న చాలామందిలో ఇవేవీ ఉండవు. అంచేత "నార్మల్" అని వస్తుంది. ఆ మాటకి అర్థం గడ్డ లేదు, దెబ్బ లేదు అనే. జబ్బు లేదని ఆ యంత్రం చెప్పలేదు. చెప్పే శక్తి దానికి లేదు.

మెదడుని కోసి చూస్తే పైన బూడిదరంగు పొర, లోపల తెల్లటి పదార్థం కనిపిస్తాయి. పై పొరలో నాడీకణాలుంటాయి. లోపలి తెలుపంతా వాటినుంచి బయల్దేరి ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే పోగులు. వాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. కదలిక అన్నది ఒక్క చోట తయారవదు. మెదడు వెనకభాగంలో ఉన్న చిన్నమెదడు నుంచి మధ్యలో ఉన్న థాలమస్‌కీ, అక్కడినుంచి కదలికలను నడిపే పై పొరకీ సమాచారం పోతూ ఉంటుంది. ఈ దారుల్లో తేడా వస్తే దారికి రెండు చివరలా ఉన్న ఊళ్ళు బాగానే కనిపిస్తాయి. మామూలు స్కాన్ ఊళ్ళని చూపిస్తుంది. దారుల నాణ్యత చూపించదు.

దారులని చూడటానికి వచ్చిన పద్ధతిని డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అంటారు. 1994లో పీటర్ బాసర్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. యంత్రం పాత ఎమ్మారై యంత్రమే, అడిగే ప్రశ్న వేరు. గ్లాసు నీళ్ళలో సిరాచుక్క వేస్తే అన్ని వైపులా సమానంగా పాకుతుంది. అదే చుక్క మగ్గం మీది పడుగులో పడితే పోగు వెంట పాకుతుంది, అడ్డంగా తక్కువ పోతుంది. మెదడులోని నీటి అణువులు కూడా అంతే. నాడీపోగులు బిగుతుగా ఒకే దిక్కుకి పోయేచోట నీరు ఆ వెంటే కదులుతుంది. ఆ ఒరవడి ఎంత ఉందో యంత్రం సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకెగా లెక్క కడుతుంది. ఆ అంకెలనుంచి కంప్యూటర్ దారులు గీస్తుంది. మీరు పత్రికల్లో చూసే రంగురంగుల మెదడు బొమ్మలు అవే. ఎడమ నుంచి కుడికి పోయేది ఎరుపు, ముందు నుంచి వెనక్కి పోయేది ఆకుపచ్చ, పైకీ కిందికీ పోయేది నీలం అని మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. మెదడులో ఆ రంగులు లేవు. ఫోటో అంటున్నాం గానీ అది నీటి కదలికమీద కట్టిన ఒక అంచనా.

ఈ పద్ధతితో 2004లో మారెన్ కార్బన్, ఆమె సహచరులు న్యూయార్క్ దగ్గర, ఇందాక చెప్పిన జన్యులోపం ఉన్నవాళ్ళని పరీక్షించారు. కదలికలని నడిపే పొర కింది తెల్ల పదార్థంలో తేడా కనిపించింది. 2009లో క్రిస్టీన్ డెల్మేర్ బృందం ఫ్రాన్సులో, కలం పట్టుకుంటే చెయ్యి వంకరపోయేవాళ్ళలో కదలికల దారుల్లో తేడా చూపించింది. ఆ పరిశోధకుల్లో సాల్‌పెట్రియేర్ ఆసుపత్రివాళ్ళు కూడా ఉన్నారు. ఒకప్పుడు మచ్చ దొరకలేదని వదిలేసిన చోటినుంచే ఈ బొమ్మలు వచ్చాయన్నది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

కానీ అదే 2009లో న్యూయార్క్ బృందం ఇంకో విషయం బయటపెట్టింది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఈ జన్యులోపం ఉన్నవాళ్ళలో 100కి సుమారు 30 మందికే జబ్బు వస్తుంది. మిగతావాళ్ళు హాయిగా బతుకుతారు. వాళ్ళ మెదడు బొమ్మలు కూడా తీశారు. చిన్నమెదడు నుంచి థాలమస్‌కి పోయే దారిలో ఇద్దరికీ లోపం ఉంది. జబ్బు లేనివాళ్ళకి అదనంగా థాలమస్ దాటాక, పై పొర వైపు పోయే దారిలో రెండో లోపం కూడా ఉంది! పైన కాలువకి గండి పడి నీళ్ళు అదుపు తప్పాయి, దిగువన ఇంకోచోట పూడుకుపోవడంవల్ల పొలం మునగకుండా బతికిపోయింది, అన్నట్టుగా వాళ్ళు వివరించారు. అంటే బొమ్మలో లోపం ఎక్కువున్న మనిషికి జబ్బు లేదు, తక్కువున్న మనిషి మెలికలు తిరిగిపోతోంది. బొమ్మ చూసి మనిషి బాధ కొలవబోతే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తోంది.

ఇంకొకటి. ఈ పరిశోధనలన్నీ గుంపుల సగటులు. మగవాళ్ళ సగటు ఎత్తు ఆడవాళ్ళ సగటు ఎత్తుకంటే ఎక్కువ. అలాగని ఐదడుగుల నాలుగంగుళాల మనిషి తలుపు అవతల ఉంటే, ఆడో మగో మీరు చెప్పగలరా? మీ కేంద్రానికి వచ్చిన ఒక్క మనిషికి ఈ స్కాన్ తీయించి "ఉంది, లేదు" అని తేల్చే వీలు ఈనాటికీ లేదు. ఇది పరిశోధన పనిముట్టు. ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగి "నరాల దారుల స్కాన్ తీస్తే తేలిపోతుంది" అంటే నమ్మకండి. పైగా ఈ జబ్బున్న మనిషి ఆ గొట్టంలో కదలకుండా పడుకోవాలి. తల కొంచెం కదిలినా అంకెలు తప్పుతాయి. ఏ కదలికకోసం పరీక్షకి వచ్చిందో ఆ కదలికే పరీక్షని చెడగొడుతుంది. స్కాన్ గది దగ్గర మంగళసూత్రం తీయాలా వద్దా అని అత్తగారికీ టెక్నీషియన్‌కీ గొడవలు నేను ఎన్ని చూశానో చెప్పలేను. లోపల పడుకోబోయే మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. సుమారు 30 ఏళ్ళ కిందట, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, నేతపనివాళ్ళ ఇంటినుంచి 11 ఏళ్ళ పిల్లని తీసుకొచ్చారు. పొద్దున లేచేసరికి చక్కగా నడుస్తుంది. మధ్యాహ్నం నుంచి పాదాలు లోపలికి తిరుగుతాయి. సాయంత్రానికి గోడ పట్టుకుంటే తప్ప కదల్లేదు. "పొద్దున బడికి పోయేప్పుడు ఉండదమ్మా, సాయంత్రం కండెలు చుట్టమంటేనే వస్తుంది" అంది వాళ్ళ నాయనమ్మ. గాలి సోకిందని అప్పటికే ఒకచోట వేపమండలతో కొట్టించారు కూడా. మేం తల స్కాన్ తీశాం, నార్మల్. పొద్దున రౌండ్లలో చూశాం, బాగానే నడిచింది. మా పెద్దాయన "హిస్టీరియా" అన్నాడు. చీటీ మీద ఆ మాట రాసింది నా చెయ్యి. "వయసొచ్చాక పెళ్ళి చేస్తే కుదురుకుంటుంది" అని సిస్టర్ ధైర్యం చెప్పి పంపింది. ఆరేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఓపీలో ఒకమ్మాయి నా బల్ల ముందు నిలబడి, "మేడమ్, నన్ను గుర్తుపట్టారా? నా చీటీ మీరే రాశారు" అంది. ఎవరో డాక్టరు లెవోడోపా మాత్రలు మొదలుపెట్టారట. వారం తిరక్కుండా సాయంత్రాలు కూడా నడిచింది. బడి మాత్రం ఎప్పుడో మానేసింది.

ఆ జబ్బుని జపాన్‌లో సెగావా అనే వైద్యుడు 1970లలోనే వివరించాడు. మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండటమే దాని గుర్తు. దాని జన్యువు 1994లో దొరికింది. స్కాన్‌లో ఏమీ కనిపించదు. చిన్న మోతాదు లెవోడోపాతో చాలామంది మామూలు బతుకు బతుకుతారు. ఆ మాత్ర మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. ఆ పిల్ల సాయంత్రం గురించి చెప్పిన మాటని ఒక్కరం నమ్మి ఉంటే చాలేది. కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు.

అలాంటిదే ఇంకోటి, తొందరగా చెప్పేస్తాను. వాంతులకిచ్చే కొన్ని మందులవల్లా, మానసిక జబ్బులకిచ్చే కొన్ని మందులవల్లా ఉన్నట్టుండి కళ్ళు పైకి తేలిపోయి, దవడ వంకరపోయి, మెడ వెనక్కి విరుచుకుపోవచ్చు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఇది తరచు చూస్తాం. పూనకమని పసుపునీళ్ళు చల్లుతారు. ఆసుపత్రిలో ఒక మామూలు ఇంజక్షన్‌తో నిమిషాల్లో తగ్గుతుంది. ఏ మాత్ర వేసుకుందో ఆ అట్ట వెంట తీసుకెళ్ళండి.

ఇక్కడిదాకా విన్నాక మీలో కొందరు, "అయితే డిస్టోనియా నిజం, హిస్టీరియా అబద్ధం అన్నమాట" అనుకుంటూ ఉండొచ్చు. అక్కడే నాకు భయం. మంచి జబ్బు, దొంగ జబ్బు అని ఆడవాళ్ళని మళ్ళీ రెండు వరసల్లో నిలబెట్టడానికి నేను రాలేదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల పట్టికలోంచి హిస్టీరియా అనే పేరు తీసేశారు. ఇప్పుడు ఫంక్షనల్ కదలికల రుగ్మత అంటున్నాం. ఈ రోగుల్లోనూ ఆడవాళ్ళే ఎక్కువ. మెదడులో పోగులు తెగిపోవు, అవి పనిచేసే తీరు తప్పుతుంది. 2010లో వాలెరీ వూన్ బృందం ఇలాంటి వణుకున్న కొద్దిమందిని యంత్రంలో పెట్టి, తమంతట వచ్చే వణుకునీ, కావాలని నటించిన వణుకునీ పోల్చి చూశారు. నేను చేస్తున్నాను అన్న ఎరుకకి సంబంధించిన ఒక భాగం తమంతట వచ్చే వణుకులో తక్కువగా పనిచేసింది. ఆమె "నేను చెయ్యడంలేదు" అంటే నిజమే చెబుతోందన్నమాట. బాధలు, హింస ఈ జబ్బుకి దారితీయవచ్చు, తీయకపోనూ వచ్చు. 2013 నుంచి ఆ పట్టికలో కూడా మానసిక కారణం చూపించి తీరాలన్న నియమం లేదు. దీనికి ఫిజియోథెరపీ, వివరించి చెప్పే వైద్యం ఉన్నాయి. "ఏమీ లేదు, ఇంటికి పో" అనడం వైద్యం కాదు.

చట్టం సంగతి మీకే బాగా తెలుసు, నేను డాక్టరుగా చూసినంతవరకు చెబుతాను. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. చీటీ మీద ఒక్క మాట ఉంటే చాలు, అది కోర్టు దాకా పోతుంది. కానీ 1988లోనే సుప్రీంకోర్టు జబ్బు పేరు చెప్పినంత మాత్రాన చాలదనీ, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత రుజువు కావాలనీ చెప్పింది. మూర్ఛ జబ్బు వివాహానికి అడ్డంకి అన్న మాటని 1999లో చట్టంలోంచి తొలగించారు. అది ఊరికే జరగలేదు, రోగుల తరఫున అడిగినవాళ్ళుండబట్టి జరిగింది. జన్యులోపం విషయంలో కూడా "నీ వంశం నుంచే వచ్చింది" అని కోడలినే అంటారు. ఇందాక చెప్పిన రకం తండ్రినుంచైనా తల్లినుంచైనా రావడానికి సమానంగా అవకాశముంది. జబ్బు పైకి కనిపించని మనిషి కూడా దాన్ని అందించవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నాడీ రుగ్మతలు, చలన వైకల్యం అన్న వర్గాలున్నాయి. డిస్టోనియా అన్న పేరు ఆ జాబితాలో విడిగా లేదు. అంచేత సర్టిఫికెట్ దగ్గర "మీ జబ్బు లిస్టులో లేదు" అంటారు. పేరుతో పనిలేదు, ఏ పనులు చెయ్యలేకపోతోందో దాన్నిబట్టి ఆ వర్గాల కింద పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. చాలా సౌకర్యాలకి 40 శాతం వైకల్యం చూపించాలి. శిబిరాలు పొద్దున పెడతారు. ఆమెకి ఎక్కువయ్యేది సాయంత్రమైతే ఆ సంగతి దరఖాస్తులోనే రాయించండి. సాయంత్రం ఆమె నడకని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఆమె సరేనంటేనే తీయండి. ఆ వీడియో ఎవరికి చూపించాలో కూడా ఆమెనే చెప్పనివ్వండి.

డాక్టరు దగ్గరికి వెంట వెళ్ళినప్పుడు మూడు మాటలు అడగండి: ఏ పూట ఎక్కువవుతుందో అడిగారా, లెవోడోపా ఇచ్చి చూశారా, రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం రక్తం, కళ్ళు పరీక్షించారా. మెడకీ కళ్ళకీ అయితే బొటులినం ఇంజక్షన్ ఉంది. అమెరికాలో 1989లో కనురెప్పల జబ్బుకి దాన్ని అనుమతించారు. మూడు నెలలకోసారి చేయించుకోవాలి, ఖరీదైనది. ముఖంమీద ముడతలకి అదే మందు బ్యూటీ క్లినిక్కుల్లో ఎంత తేలిగ్గా దొరుకుతుందో, కళ్ళు తెరవలేని పేద మనిషికి అంత కష్టంగా దొరుకుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇవ్వమని మనం అడగాలి. ఆ పని మీరు మొదలుపెడితే, ఏ జబ్బులకి ఎంత మోతాదు అవసరమో నేను రాసిస్తాను.

మీ కేంద్రాలకి వచ్చినవాళ్ళలో ఇలాంటి వాళ్ళ కాగితాలెవరి దగ్గరైనా ఉంటే, వాళ్ళ అనుమతి తీసుకుని, పేరు మీద తెల్లకాగితం అంటించి, భోజనాల తర్వాత నాకు చూపించండి. ఫిల్ముల కంటే ముందు ఆమె ఏం చెప్పిందో, ఆమె మాటల్లోనే రాసుకురండి.